గెడ్డకి ఇవతల మూడు జట్లు, అవతల మూడు జట్లు

మా తోటలో అన్యాయం అనే మాట వస్తే అందరికీ ముందు చెడుగుడే గుర్తొచ్చేది. మిగతావన్నీ అలవాటైపోయినాయి.

మలాయి దేశంలో సుంగై సుమున్ అనే ఊరి పక్కన, సముద్రం గాలి తగిలే తోట మాది. సగం కొబ్బరి, సగం రబ్బరు, మధ్యలో ఒక గెడ్డ. మలాయి వాళ్ళు దానికేదో పేరు పెట్టుకున్నారు గాని, మేము విశాఖపట్నం అవతలనుంచి వచ్చినోళ్ళం గనక పారే నీళ్ళన్నీ మాకు గెడ్డే. గెడ్డకి ఇవతల మూడు లైన్లు, అవతల మూడు లైన్లు. లైనంటే కూలోళ్ళు కాపురముండే ఇళ్ళ వరస. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే చెక్క గోడ. పక్కింట్లో ఎండుమిరపకాయ తాళింపు పెడితే మనింట్లో పిల్లలు తుమ్మేవాళ్ళు.

ఏటా అమ్మవారి పండక్కి చెడుగుడు పోటీ ఉండేది. గెలిచిన లైనుకి దొర ఒక మేకపోతునిచ్చేవాడు. లైనుకొక జట్టు. ఇవతల మూడు జట్లూ వాళ్ళలో వాళ్ళు ఆడాలి, అవతల మూడు జట్లూ వాళ్ళలో వాళ్ళు ఆడాలి. ఇటు గెలిచినోళ్ళూ అటు గెలిచినోళ్ళూ పండగనాడు అమ్మవారి పందిరి ముందర, తాడు కట్టిన బరిలో, డప్పుల మధ్య ఆడాలి. ఈ పంపకం చేసింది దొర. ఆయన గదిలో గోడమీద తోట పటం ఉండేది. అందులో గెడ్డ నీలం గీతలాగ కనబడింది. గీత ఉంది గదా అని అటూ ఇటూ చేసేసినాడు. మనుషులు ఎలాగుంటారో పటంలో రాయలేదు.

ఇవతల గట్టున కొట్టం లైను ఉండేది. కొబ్బరిని పొగబెట్టి ఎండబెట్టే కొట్టంలో వాళ్ళ పని. పొద్దస్తమానం బస్తాలెత్తి ఎత్తి వాళ్ళ చేతులు మన కాళ్ళంత ఉండేవి. రెండోది కాయల లైను, కొబ్బరికాయలేరి పీచు వలిచేవాళ్ళు. మూడోది మాది, బళ్ళ లైను. ఎద్దుబళ్ళు తోలేది మా మగాళ్ళే. అవతల గట్టున రబ్బరు చెట్లు గీసేవాళ్ళవి రెండు, పాత లైను, కొత్త లైను. ఇంకొకటి ఆసుపత్రి లైను. ఆసుపత్రి వంటవాడూ, ఊడ్చేవాడూ, జ్వరం తగ్గి ఇంకా పనిలోకెళ్ళని వాళ్ళూ కలిసి ఒక జట్టు. వాళ్ళు కూతకొస్తే మధ్యలో దగ్గొచ్చి కూత ఆగిపోయేది.

మా ఆయన మా జట్టుకి పెద్ద. ఒక్క ఊపిరి పట్టి “చెడుగుడు చెడుగుడు” అంటూ అవతలోళ్ళ గడిలోకి వెళితే, మనం ఉల్లిపాయ తరిగి పోపులో వేసేదాకా ఆ ఊపిరి ఆగేది కాదు. ఉన్న లోపమల్లా కుడి మోకాలు. ఎద్దు తన్నింది. ఆ ఎద్దుని ఆయన ఒక్క మాటా అనలేదు. దానికీ ఆ రోజు ఒంట్లో బాగులేదన్నాడు.

ఏటా ఒకటే కథ. మావాళ్ళు కాయల లైనుని ఓడించేవాళ్ళు, కొట్టం లైను చేతిలో ఓడేవాళ్ళు, ఇంటికొచ్చి కాళ్ళకి ఆముదం రాసుకునేవాళ్ళు. అవతల గట్టునుంచి ఎవరో ఒకరు పండగ ఆటకొచ్చి, అదే కొట్టం లైను చేతిలో మావాళ్ళకంటే బేగి ఓడిపోయేవాళ్ళు. ఒక ఏడు పాత లైనుకీ కొత్త లైనుకీ ఒకేసారి చలిజ్వరం తగిలింది. మనుషులు లేచి నిలబడలేకపోయినారు. జ్వరానికి ముందే అలవాటుపడి ఉన్న ఆసుపత్రి లైను గెలిచి పండగ ఆటకొచ్చింది. మా ఆయన తాడుకవతల జనంలో, ఎవడి బండిచక్రమో ఎక్కి, తలకాయల మీదనుంచి చూసినాడు. ఇంటికొచ్చి కంచం ముందర కూచుని ముద్ద ముట్టలేదు.

“కాస్త అంబలైనా తాగు” అన్నాను.

“ఆసుపత్రి లైనే!” అన్నాడు. అంబలీ తాగలేదు.

ఆ తర్వాత ఏడు మోకాలు మరీ బిగిసింది. ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు పట్టి చూసి, వచ్చే ఏటికి నువ్వు కూతకెళ్ళవు, కుంటుకుంటూ బండెక్కితే అదే గొప్ప అన్నాడట. ఆ మాట మా ఆయన నాతో చెప్పి, “ఒక్కసారే. అమ్మవారి ఎదర ఒక్క కూత కూసి మానేస్తానే” అన్నాడు. అలాంటి కోరిక మగాడు ఒకసారే చెబుతాడు. మళ్ళీ చెప్పలేదు. కాని అప్పట్నించి జట్ల పంపకం గురించి తప్ప ఇంకో మాట ఆయన నోట రాలేదు. రబ్బరు ధర పడిపోయి మనుషుల్ని ఊళ్ళకి పంపెయ్యడం ఇంకా మొదలవలేదు. అందుకని ఇలాంటి వాటికి తీరికుండేది.

ఒకరోజు నేను కూరకి కూచుంటే నా చేటలోవన్నీ తీసి నేలమీద పేర్చినాడు.

“ఇదిగో, ఈ వంకాయ కొట్టం లైను. ఈ ఉల్లిపాయ మనం. ఈ ములక్కాడ ముక్కలు పాతా కొత్తా లైన్లు. అదిగో ఎండుచేప ఆసుపత్రి లైను. మధ్యలో నీ అట్లకాడ గెడ్డ.”

“కాయల లైనేది?”

“చింతపండు.”

“మరిప్పుడు ఏటి సెయ్యాలంటావు?”

“బలమైనవి రెండూ ఒక పక్కే ఉన్నాయి గదా, వంకాయా ఉల్లిపాయా. రెండూ ఇటే కొట్టుకు చస్తన్నాయి. అటేమో ఎండుచేప కూడా రాజైపోతంది. బలమైనోళ్ళని చెరో పక్కా పెట్టాల.”

“అలాగైతే వంకాయని అటు తొయ్యి.”

“కొట్టం లైనోళ్ళు పొద్దోయేదాకా పొగలో ఉంటారు. గెడ్డలో పోటొస్తే పడవ కట్టెయ్యాల. ఆళ్ళు అటెళ్ళి ఆడి ఎప్పుడొస్తారు? అది ఆళ్ళకి అన్నేయం.”

ఆయన ఆలోచన అలాంటిది. తనకి న్యాయం కావాలి గాని, కొట్టం లైనుకి కూడా అన్యాయం జరక్కూడదు. చేప ఇటు, ఉల్లిపాయ అటు జరిపి చాలాసేపు చూసినాడు. ఆ చూపు ఎప్పుడు తెమిలేదో తెలీక నేను వంకాయ తీసి తరిగేసినాను. కొట్టం లైను ముక్కలైనా ఆయనకి ఆనందం కలగలేదు. కూరలో ఉప్పు చాలలేదన్నాడు.

ఆదివారం కల్లుకొట్టు దగ్గర పెద్ద మాటలు నడిచినాయి. నేను బయట పకోడీలమ్మే ముసలమ్మ పక్కన కూచుని అన్నీ విన్నాను.

“రబ్బరోళ్ళకేటి, మజ్జానానికి పనైపోతాది. సాయంత్రం దాకా ఆటే నేర్చుకుంటారు” అన్నాడు కాయల లైనువాడు.

“కోడి కుయ్యకముందే చెట్ల కింద దోమలకి ఒళ్ళప్పగిస్తాం, అదెవడు లెక్కేస్తాడు?” అన్నాడు పాత లైను పెద్ద.

“దోమ అందరికీ సమానమే. దానికి లైను లేదు.”

“సీటీలు రాసి తియ్యండి. ఏ జట్టుకి ఏ పక్కొస్తే అదే” అన్నాడు మా లైనువాడొకడు.

“సీటీలో మీరూ కొట్టం లైనూ మళ్ళీ ఒక పక్కే వస్తే?”

“అప్పుడు అమ్మవారి తప్పు. మనిషి తప్పు కాదు గదా.”

చివరికి మా ఆయన లేచి తన మాట చెప్పినాడు. మాకు బళ్ళున్నాయి. గెడ్డకి పైన బళ్ళ వంతెనుంది. చుట్టు తిరగడం మా ఎద్దులకి అలవాటే. కాబట్టి దూరం మేం మోస్తాం, మేం అవతల జట్లలో కలుస్తాం. ఆసుపత్రి లైనేమో గెడ్డ ఒడ్డునే ఉంది. పోటు లేనప్పుడు గెడ్డ మీద వేసిన తాటిమొద్దు దాటితే వాళ్ళకి ఇవతల గట్టే. వాళ్ళు ఇటు రావాలి. అప్పుడు బలమైన జట్టు చెరో పక్కా ఒకటుంటుంది. నడకా సమానం, బలమూ సమానం.

అందరూ తలూపినారు. ఆసుపత్రి లైను వంటవాడొక్కడే లేచి, “మమ్మల్నెవరైనా అడిగినారా? కొట్టం లైనోళ్ళు మమ్మల్ని పట్టుకుంటే బతుకుతామేటి?” అన్నాడు.

“ఆసుపత్రి పక్కనే గదరా నీకు” అన్నారు.

న్యాయమనేది ఎక్కడో ఒకచోట మనిషి మీద పడుతుంది. ఆ ఏడు వంటవాడి మీద పడింది.

తోట గుమాస్తాని కిరాణి అనేవాళ్ళం. అరవాయన, పట్నంలో చదువుకున్నవాడు. ఆటలకి ఈల ఊదేది ఆయనే. ఆయన దొర దగ్గరికెళ్ళి చెబితే, దొర పటం చూసి, ఇలాగైతే మరి గెడ్డ ఎందుకని అడిగినాడట. గెడ్డ అక్కడే ఉంటుంది దొరా, జట్లే దాటతాయి అని చెప్పి ఒప్పించుకొచ్చినాడు. ఆ రోజు మా ఆయన రెండు కంచాలు తిన్నాడు.

ఇప్పుడు మా పెద్దమ్మాయి పెళ్ళి సంగతి చెప్పాలి. అదీ ఆ ఏడే జరిగింది. పిల్లాడు కొత్త లైను. ఆ లైనులో అందరూ కిందటి పడవల్లో ఒంటరిగా, మహా అయితే తల్లిని వెంటబెట్టుకుని, దిగిన కుర్రాళ్ళు. మా బళ్ళు వాళ్ళకి బియ్యం మోసుకెళ్ళేవి, రబ్బరు పాలు మోసుకొచ్చేవి. రాకపోకలున్నచోట సంబంధాలు కుదురుతాయి. మా లైనులో మగాళ్ళంతా అన్నదమ్ముల వరస. అందరికీ ఎదిగిన ఆడపిల్లలు. ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని కొత్త లైనుకే ఇచ్చినారు. పీటలమీద మా ఆయన అల్లుడి కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటే చూసి నేను కళ్ళు తుడుచుకున్నాను.

అల్లుడు మంచివాడు. మా ఇంటికొస్తే నేను తలుపు చాటునే ఉండేదాన్ని. అత్త అల్లుడితో ఎదురుగా మాటాడటం మాలో లేదు. ఏదైనా చెప్పాలంటే గుమ్మంలో కోడికి చెప్పేదాన్ని. “కోడీ, ఇంకొంచెం పులుసు కావాలేమో అడుగు” అంటే, అతను కోడితోనే “సాలని సెప్పు” అనేవాడు. కోడికి ఇద్దరి మర్యాదా తెలుసు.

కొత్త లైను జట్టులో మా అల్లుడే పట్టు మనిషి. కూతకొచ్చినవాడి కాలు అతని చేతిలో పడితే కొండచిలవ నోట్లో పడ్డట్టే.

దూరాలు లెక్కేసినారు. బలం లెక్కేసినారు. పోటూ ఆటూ, పొగా జ్వరమూ లెక్కేసినారు. ఒక పక్క మామలు, ఇంకో పక్క అల్లుళ్ళు అయినారని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇన్నేళ్ళూ గెడ్డకి చెరో పక్కా ఉండటాన, ఎప్పుడూ పండగ ఆటకి మావాళ్ళు రాకపోవటాన, రెండు జట్లూ ఒక్కసారీ ఎదురుపడలేదు. ఇక్కడ ఈ మాట చదివి నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. మేం నవ్వలేదు.

పాత లైనుని మావాళ్ళు ఓడించినారు. కొత్త లైనూ పాత లైనుని ఓడించింది. ఇక మాకూ కొత్త లైనుకీ ఆట. అందులో గెలిచినోళ్ళు అమ్మవారి ముందరికి. బళ్ళు కట్టుకుని ఆడా మగా అందరం వంతెన చుట్టు తిరిగి వెళ్ళినాం. కూతురుంది గదా అని నేను అరిసెలు కూడా చేసుకెళ్ళినాను. ప్రతి ఇంటిదీ అలాంటి మూటే. ఓడించడానికెళ్తున్నామో సారె పట్టుకెళ్తున్నామో ఎద్దులకి తెలియలేదు.

కిరాణి ఈల ఊదినాడు. మా ఆయన గీతకి దండం పెట్టి, “చెడుగుడు చెడుగుడు” అంటూ వాళ్ళ గడిలోకి దూకినాడు. వాళ్ళు పట్టడానికి వంగలేదు. నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నారు. మా అల్లుడైతే పక్కకి తప్పుకుని దారిచ్చినాడు.

“రండి మావా” అన్నాడు.

మా ఆయనకి ఊపిరి తీసుకుంటే చచ్చినట్టు లెక్క గనక మాటాడటానికి లేదు. కళ్ళతోనే పట్టమన్నాడు. ఎవరూ పట్టలేదు. తాకుదామంటే అందరూ వినయంగా వెనక్కి తగ్గుతున్నారు. గడి అంతా తిరిగి, చివరికి ఊపిరి చాలక ఊరికే వెనక్కొచ్చినాడు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు చేసొచ్చినాడు.

తర్వాత మా అల్లుడు కూతకొచ్చినాడు. మావాళ్ళందరూ వంగినారు, వంగి ఆగిపోయినారు. అతని కాళ్ళు ఎదురుగా ఉన్నాయి. కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకున్న కాళ్ళు. వాటిని పట్టి ఈడ్చి మట్టిలో పడెయ్యాలంటే ఎవరి చెయ్యి ఆడుతుంది? అతనూ ఎవర్నీ తాకకుండానే వెనక్కెళ్ళినాడు. వెళ్తూ వెళ్తూ తల వంచినాడు.

పొద్దు వాలేదాకా ఇదే. మా జట్టులో పెళ్ళికాని వాడొకడున్నాడు. వాళ్ళందరికీ బామ్మర్ది వరస. బావ బామ్మర్దుల మధ్య ఏ మర్యాదా లేదు గదా. వాడు కూతకెళ్తే ఏడుగురు అల్లుళ్ళూ వాడి మీద పడి బస్తా తొక్కినట్టు తొక్కినారు. వాళ్ళలోనూ పెళ్ళికాని వాడొకడున్నాడు. వాడిని మా మామలందరూ కలిసి పట్టినారు. అంతసేపు దాచుకున్న బలమంతా వాడి మీద చూపించినారు. ఇద్దరూ చచ్చి అవతల కూచున్నారు. లెక్క సమానం. మిగిలినోళ్ళంతా ఒకరికొకరు దారిచ్చుకుంటున్నారు.

కిరాణికి ఏం అర్థం కాలేదు. “ఎన్నా ఇదు? ఏమైంది? ఒకళ్ళకొకళ్ళు భయమా?” అన్నాడు. పడవ నడిపే మలాయి ఆయన గట్టున కూచుని చూస్తున్నాడు. ఆయనకీ విసుగొచ్చి, “మైన్‌లా! మైన్!” అని అరిచినాడు. ఆడండర్రా అని. తొందరగా అయిపోతే ఆయనా ఇంటికెళ్ళొచ్చు.

సగం ఆటకి ఈల ఊది కిరాణి చెప్పినాడు. సమానంగా ముగిస్తే రెండు జట్లూ పోయినట్టే, పండగ ఆటకి పాత లైను వెళ్తుంది అని.

“అదేటండీ, ఆళ్ళు మా ఇద్దరి సేతా ఓడినోళ్ళు!” అన్నాడు మా ఆయన.

“అందుకే. వాళ్ళ మీద ఎవరికీ తగువు లేదు” అన్నాడు కిరాణి. చదువుకున్న మాట.

మా ఆయన వచ్చి బండి నీడన కూలబడినాడు. మోకాలు కొబ్బరి బొండంలాగ ఉబ్బింది. నీళ్ళిస్తే తాగలేదు, మోకాలి మీద పోసుకున్నాడు.

“ఏడాదంతా సమానం సేసినానే. అన్నీ సమానం సేసినాను” అన్నాడు. నా వంక చూడలేదు.

ఆ మాట నేను పట్టలేకపోయినాను. లేచి బరి గీత దాకా వెళ్ళినాను. అవతల అల్లుడు మొహం కడుక్కుంటున్నాడు. చుట్టూ చూస్తే కోడి లేదు. మా బండెద్దు ఒకటి గడ్డి నములుతూ నిలబడి ఉంది.

“ఎద్దూ,” అన్నాను, “ఆళ్ళ మావ ఇక్కడికి ఆడ్డానికొచ్చినాడని సెప్పు.”

ఎద్దు తోక ఊపి అటు తిరిగిపోయింది. అది కోడి కాదు. అప్పుడిక మొహానికి చెంగు తీసేసి అల్లుడి వంకే చూసి అన్నాను.

“బాబూ, ఆయన్ని పట్టుకో.”

అల్లుడు తల వంచుకుని నేలవంక చూసినాడు. “పిల్లనిచ్చిన మావ అత్తా. కాలట్టి ఎలాగ లాగుతాను?”

“నువ్వు పట్టకపోతే ఆయన ఆట ఆడినట్టు కాదు. ఊరికే నడిచినట్టు. నడవడానికైతే ఇంతదూరం బండి కట్టక్కర్లేదు.”

అంతలో మా అమ్మాయి నీళ్ళబిందె దించి ముందుకొచ్చింది. మొగుడి లైను ఆడోళ్ళ మధ్య, అత్తగారి పక్కనే అంతసేపూ నోరు మూసుకు నిలబడింది పాపం.

“మా అయ్య ఆటకొచ్చినాడు. పెళ్ళిసూపులకొచ్చినట్టు సేతులు కట్టుకుంటావేటి? రేతిరి అన్నం తినవేటి నువ్వు?” అంది మొగుడితో.

వాళ్ళ అత్తగారు, అంటే మా వియ్యపురాలు, నోటిమీద చెయ్యేసుకుంది. తర్వాత చెయ్యి తీసి, “పట్టరా నాయనా, దాని నోరు ఆగదు” అంది.

మళ్ళీ ఈల. మా ఆయన లేచినాడు. గీతకి దండం పెట్టి లోపలికి దూకినాడు. ఈసారి అల్లుడు వంగినాడు. వంగి ముందు మామ పాదాలకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నాడు. ఆ అద్దుకున్న చేత్తోనే కాలు పట్టేసినాడు. మిగిలిన అల్లుళ్ళకి దారి దొరికినట్టైంది. అందరూ వచ్చి పడ్డారు. మా మామలు ఇవతలనుంచి ఒకటే అరుపులు. మా ఆయన కింద పడినాడు. మీద అంతమంది. ఆ గుట్ట లోపలినుంచి “చెడుగుడు చెడుగుడు” సన్నగా వినిపిస్తూనే ఉంది, నేలలోంచి వచ్చినట్టు. గుట్ట కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. ఒక చెయ్యి బయటికొచ్చి గీత మీద పడింది.

పట్టినోళ్ళంతా చచ్చినట్టే లెక్క. ఆట మాదైపోయింది. మావాళ్ళు గంతులేస్తుంటే మా ఆయన లేవకుండా మట్టిలో కూచుని అల్లుణ్ణి అడిగినాడు.

“బాబూ, ఎడమ కాలు పట్టినావేటి? కుడిది లాగితే నేను అక్కడే పోదును గదా.”

“కుడిది లాగితే రేపు బండి ఎలాగ తోలతారు మావా?”

మా ఆయన లేచి కుంటుకుంటూ కిరాణి దగ్గరికెళ్ళినాడు. ఇది సరైన పట్టు కాదు, మళ్ళీ ఆడించండి అన్నాడు. ఈల ఊదేసినానయ్యా, ఊదిన గాలి వెనక్కి రాదు అన్నాడు కిరాణి, గొడుగు ముడుచుకుంటూ.

మా అరిసెలు వాళ్ళు తిన్నారు, వాళ్ళ చేపల పులుసు మేం తిన్నాం. ఇంటికొచ్చే దారిలో ఆయన ఒక్క మాటే అడిగినాడు. “అది గెలుపేనంటావా?”

“బండి ఒక పక్కకే పోతంది, పగ్గం సూసుకో” అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

పండగనాడు పొద్దున్నే తలకి పోసుకుని, నొసట కుంకం పెట్టుకుని, కొత్త పంచె గోచీ బిగించినాడు. మోకాలికి నేను ఆముదం ఆకు కట్టినాను. అమ్మవారి పందిరి వేపాకులతో పచ్చగా ఉంది. తాడు కట్టినారు, డప్పులు మోగుతున్నాయి. అటు పక్కన గెలిచింది, ఇంకెవరు, కొట్టం లైనే. ఆసుపత్రి లైను వాళ్ళతో ఆడిన జాడలు వంటవాడి భుజానికి గుడ్డకట్టుగా కనబడుతూనే ఉన్నాయి. అతను నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

మొదటి కూత మా ఆయనదే. అమ్మవారి వైపు తిరిగి దండం పెట్టినాడు. ఊపిరి పట్టినాడు. ఆ కూత నేను అంతకుముందు వినలేదు. డప్పుల మీదనుంచి వచ్చింది. కొట్టం లైనువాళ్ళతో మాకు ఏ వరసా లేదు. వాళ్ళెవరూ మా పిల్లల్ని చేసుకోలేదు. వాళ్ళలో ఒకడు ముందు ఆయన మొహం చూడలేదు, కట్టు కట్టిన మోకాలే చూసినాడు. వంగి, కాయ కోసినట్టు ఆ కుడికాలే పట్టుకుని తిప్పేసినాడు. నేను చెంగు సర్దుకుని తలెత్తేసరికి కూత ఆగిపోయింది.

ఇద్దరు మోసుకొచ్చి, బరి లోపలే, చచ్చినవాళ్ళు కూచునే చోట దించినారు. డ్రెస్సరు పరిగెత్తుకొచ్చినాడు. మా అల్లుడు తాడు దాటి నీళ్ళు తెచ్చినాడు. నేను తాడు పట్టుకుని నిలబడినాను. ఆయన మొహం నొప్పికి తెల్లగా అయిపోయింది గాని, నవ్వుతున్నాడు.

“సూసినావా బాబూ? పట్టంటే అదీ” అన్నాడు అల్లుడితో.

డ్రెస్సరు ఆసుపత్రికి పద అన్నాడు. మంచం తెప్పిస్తానన్నాడు.

“ఎలాగొస్తానండీ? నేను సచ్చినోణ్ణి. ఆట అయ్యేదాకా సచ్చినోడు ఇక్కణ్ణించి లెగకూడదు.”

“అయ్యేదాకా ఈ కాలితో కూకుంటావేటయ్యా?” అన్నాను నేను.

“కూకోనియ్యే” అన్నాడు.

కూచోనిచ్చినాం. కాలు చాపుకుని, చేతులు వెనక్కి ఆనించుకుని, ఒళ్ళంతా మట్టితో కూచున్నాడు. మావాళ్ళు ఒకరొకరే చచ్చి వచ్చి ఆయన పక్కన చేరుతున్నారు, ఆయన జరిగి వాళ్ళకి చోటిస్తున్నాడు. ఎదురుగా అమ్మవారుంది. మధ్యలో ఎవరి తలకాయా అడ్డం లేదు.